రాగిరేకు మీద అల నడక

పవర్ యాంప్లిఫయర్ బోర్డుని ముందు కళ్ళతో చదవాలి. కొలిచే పరికరాలకి తగిలించడం తర్వాతి సంగతి. అరచేతిలో ఇమిడే బోర్డు, మందం అర మిల్లీమీటరు, పైన రాగి, కింద రాగి, ఆ కింది రాగికి ఆనుకుని అల్యూమినియం దిమ్మ. ఎడమ అంచున కనెక్టర్ దగ్గర రాగిగీత సన్నగా, దాదాపు 1.1 మిల్లీమీటర్ల వెడల్పుతో బయలుదేరుతుంది. సెంటీమీటరు దాటకముందే వెడల్పు మారుతుంది. మళ్ళీ మారుతుంది. పక్కకి ఒక పాయ చీలి, వెళ్ళాల్సిన చోటేదీ లేనట్టు మధ్యలోనే ఆగిపోతుంది. ట్రాన్సిస్టర్‌ని చేరేసరికి గీత ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్ల పలకగా మారి ఉంటుంది. అవతలి పక్క మెట్లు మెట్లుగా సన్నబడి, కుడి అంచున అదే 1.1 మిల్లీమీటర్లకి వచ్చి బయటపడుతుంది. తెలియనివాళ్ళకి ఎవరో తోచినట్టు కత్తిరించిన రేకు అనిపిస్తుంది. తోచినట్టు కత్తిరించిన మూల అందులో ఒక్కటీ లేదు. గీత పొడవు ఒక్క మిల్లీమీటరు మారితే చాలు, 6 గిగాహెర్ట్జ్ అల దశ పన్నెండు డిగ్రీలు పక్కకి జరుగుతుంది. ఆ పన్నెండు డిగ్రీల దగ్గర ఒక డిజైన్ నిలబడనూ వచ్చు, కూలిపోనూ వచ్చు.

పద్యానికి, కృతికి, గుడి స్తంభం మీది శిల్పానికి మనం ఇచ్చే శ్రద్ధ ఈ రేకుకీ ఇవ్వాలని నాకు చాలాకాలంగా ఉంది. ఇవ్వడానికి తగిన చోటు కూడా మన హైదరాబాదులోనే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. దాని ఈసీఈ విభాగంలో మైక్రోవేవ్, రాడార్ ఇంజనీరింగ్ ప్రత్యేక విషయంగా ఎంఈ చదివినవాళ్ళు మన రక్షణ ల్యాబుల్లో, టెలికాం కంపెనీల్లో ఎందరో ఉన్నారు. అదే క్యాంపస్‌లో నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ కోసం 1982లో నెర్టూ అనే పరిశోధన కేంద్రం వచ్చింది. క్యాంపస్ దాటి తార్నాక వైపు వస్తే రైల్వే సిగ్నల్, టెలికాం ఇంజనీర్లకి పాఠాలు చెప్పే ఇరిసెట్ 1957 నుంచీ ఉంది. వినడం, పలకడం అని రేడియో విద్యకి రెండు ముఖాలు. నెర్టూ లాంటి చోట విద్యార్థి వేల కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం నుంచి వచ్చే అతి క్షీణమైన సంకేతాన్ని వినడం నేర్చుకుంటాడు. పవర్ యాంప్లిఫయర్ పలికే ముఖం. సంకేతం యాంటెన్నాలోకి దూకే ముందు దానికి బలమిచ్చే ఆఖరి మజిలీ అది.

ఈ మజిలీలో వైర్లు వైర్లుగా ఉండవు. దేశంలో 5జీకి వాడుతున్న 3300 మెగాహెర్ట్జ్ పట్టీనే (బ్యాండ్) తీసుకుందాం. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో అల పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. బోర్డు మీది రాగిగీతలో అది అయిదు సెంటీమీటర్లకి కుదించుకుపోతుంది. అందులో పావు వంతు, అంటే పన్నెండు పదమూడు మిల్లీమీటర్ల గీత, ఒక చివర తెరిచి ఉంటే రెండో చివర షార్ట్ అయినట్టు ప్రవర్తిస్తుంది. సన్నటి గీత కాయిల్ పని చేస్తుంది, వెడల్పు పలక కెపాసిటర్ పని చేస్తుంది. అంగడిలో కొనాల్సిన భాగాలు ఇక్కడ ఆకారాలుగా మారిపోయాయి. వస్తువు వేరు, రూపం వేరు కాని స్థితి అంటే ఇదే. కావ్యం గురించి ఆలంకారికులు ఏ స్థితిని కోరుకున్నారో అది ఇక్కడ కొలిచి చూపించగలిగే సత్యం.

ఇక ట్రాన్సిస్టర్. ఇది గాలియం నైట్రైడ్‌తో చేసినదైతే నాకు మరింత ఇష్టం. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ బంధం తెంచుకోవడానికి 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. గాలియం నైట్రైడ్‌లో 3.4 కావాలి. అంత గట్టి బంధం ఉన్న పదార్థం కాబట్టి చిన్న చిప్ మీదే పెద్ద వోల్టేజ్ పెట్టొచ్చు. ఇది వేడిని, పవర్‌ని తట్టుకునే గుణమనే పుస్తకాలు ముందు చెబుతాయి. డిజైనర్‌కి మాత్రం ఇందులో ఇంకో వరం ఉంది. పది వాట్లు పుట్టించాలంటే ట్రాన్సిస్టర్‌కి ఎంత లోడ్ చూపించాలన్నది ఓ చిన్న లెక్క. వాడుకోగలిగిన వోల్టేజ్‌ని వర్గం చేసి, పవర్‌కి రెట్టింపుతో భాగించాలి. 28 వోల్టుల సప్లైలో నాలుగు వోల్టులు ట్రాన్సిస్టర్ తనకే ఉంచుకుంటుందనుకుంటే మిగిలేది 24. లెక్క 29 ఓమ్‌ల దగ్గర తేలుతుంది. అదే పది వాట్లని అయిదు వోల్టుల మీద నడిచే పాత తరం గాలియం ఆర్సెనైడ్ ట్రాన్సిస్టర్‌తో తీయాలంటే దాదాపు ఒక్క ఓమ్‌కి దిగాలి. బయటి ప్రపంచమంతా, అంటే కేబుళ్ళు, యాంటెన్నాలు, కొలత పరికరాలు, 50 ఓమ్‌ల మీద నడుస్తున్నాయి. 50 నుంచి 29కి దిగడానికి రెండు మెట్లు చాలు. 50 నుంచి ఒకటికి దిగాలంటే పెద్ద బావి మెట్లు. ఎంత లోతుకి దిగితే పట్టీ అంత ఇరుకవుతుంది. ఒక పదార్థంలోని బంధం బలం, బోర్డు మీది రాగి మెట్ల సంఖ్యగా కంటికి కనబడుతున్నదన్నమాట.

దిగే దారిని గీసుకోవడానికి ఒక పటం ఉంది. బెల్ ల్యాబ్స్ ఇంజనీర్ ఫిలిప్ స్మిత్ 1939 జనవరిలో దాన్ని ఒక పత్రికలో అచ్చువేశాడు. ఉస్మానియాలో వాస్తుశిల్పి జాస్పర్ రూపకల్పన చేసిన ఆర్ట్స్ కాలేజీ గులాబీరంగు రాతి భవనం ప్రారంభమైందీ అదే ఏడాది. రెండింటినీ పక్కపక్కన తలచుకోవడం నాకు అలవాటు. ప్రపంచంలో ఉండగల ప్రతి ఇంపెడెన్స్‌కీ, సున్నా నుంచి అనంతం దాకా, ఒక్క వృత్తంలో చోటిచ్చిన పటం అది. అనంతం కుడి కొసన ఒక బిందువు. సున్నా ఎడమ కొసన. నడిమధ్య మన 50 ఓమ్‌లు. కంప్యూటర్లు వచ్చి ఆ పటంతో చేతి లెక్కలు కట్టాల్సిన అవసరం పోయింది. అయినా ఏ నెట్‌వర్క్ అనలైజర్ తెర మీదైనా ఈనాటికీ అదే వృత్తం వెలుగుతుంది. మనిషి కన్ను ఆలోచించగలిగిన రూపంలో విషయాన్ని పెట్టిన వస్తువుకి కాలదోషం పట్టదు.

వైడ్‌బ్యాండ్, అంటే వెడల్పు పట్టీ, డిజైన్‌లోని అసలు నాటకం ఈ వృత్తంలోనే నడుస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరుగుతూ పోతే, రాగి మెట్లు చూపించే ఇంపెడెన్స్ బిందువు గడియారం ముల్లు దిక్కున తిరుగుతుంది. నష్టం లేని నెట్‌వర్కుల స్వభావం అది. ట్రాన్సిస్టర్ కోరుకునే లోడ్ మాత్రం, దాని ఒంట్లోనే ఉన్న కెపాసిటెన్స్ వల్ల, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గడియారానికి ఎదురు దిక్కున జరుగుతుంది. కోరే బిందువు అటు, దొరికే బిందువు ఇటు. ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెండూ ఒకదాన్నొకటి దాటుతాయి. ఇరుకు పట్టీ యాంప్లిఫయర్‌కి ఆ దాటే క్షణం చాలు, అక్కడే కాపురం పెడుతుంది. వైడ్‌బ్యాండ్ డిజైనర్‌కి అది చాలదు. ఎదురుబొదురుగా పోయే ఈ రెంటినీ 2 గిగాహెర్ట్జ్ నుంచి 6 దాకా ఒకరి చెంత ఒకరిని ఉంచాలి. ప్రకృతి నియమాన్ని ఎదిరించి గీతని వెనక్కి తిప్పడం ఎవరికీ సాధ్యం కాదు. సాధ్యమైనది ఒక్కటే. గీత తన దిక్కున తాను తిరుగుతూనే చిన్న చుట్ట చుట్టుకునేలా చేయడం. మొదటి మెట్టుతో ఒక చుట్ట, రెండో మెట్టుతో అందులో మరో చిన్న చుట్ట. మంచి డిజైన్ తెర మీదికి వచ్చినప్పుడు వృత్తం మధ్యలో ఆ గీత ముడిలా బిగిసి కనబడుతుంది. నాలుగు గిగాహెర్ట్జ్‌ల ప్రయాణం ఒక గింజంత చోట! నేను చూసిన రేఖాచిత్రాలన్నిటిలోకీ దీన్ని మించింది లేదని నా నమ్మకం.

ఆ ముడి ఎంత చిన్నది కాగలదు? ఇక్కడికి వస్తే ఈ విద్య శాస్త్రం దాటి దర్శనమవుతుంది. 1945లో హెండ్రిక్ బోడే, ఆ తర్వాత 1950లో ఎంఐటీలో రాబర్ట్ ఫానో ఒక హద్దుని రుజువు చేశారు. ఒక రెసిస్టెన్స్, దానితో సమాంతరంగా ఒక కెపాసిటెన్స్ ఉన్న లోడ్‌కి ఎన్ని మెట్ల నెట్‌వర్క్ కట్టినా, ఎంతటి మేధావి కట్టినా, అన్ని ఫ్రీక్వెన్సీల మీదా కలిపి దొరికే మ్యాచింగ్ (కోరే, దొరికే ఇంపెడెన్స్‌ల పొందిక) మొత్తం ఒక నిర్ణీత రాశిని దాటదు. ఆ రాశి π అనే సంఖ్యని, రెసిస్టెన్స్‌తో కెపాసిటెన్స్‌ని గుణించిన దానితో భాగిస్తే వచ్చేది. ట్రాన్సిస్టర్ సైజు రెట్టింపు చేసి తప్పించుకుందామంటే కుదరదు. రెసిస్టెన్స్ సగమవుతుంది, కెపాసిటెన్స్ రెట్టింపవుతుంది, గుణకారం కదలదు. ఆ గుణకారం ట్రాన్సిస్టర్ జాతికి పుట్టుకతో వచ్చిన గుర్తు.

ఫానో ఇంకొక మాట కూడా తేల్చాడు. ఉన్న రాశిని సద్వినియోగం చేసుకోవాలంటే, పట్టీ బయట తలుపులు పూర్తిగా మూసేయాలి, పట్టీ లోపల ప్రతి ఫ్రీక్వెన్సీకీ ఒకే పాటి కొరత మిగల్చాలి. ఏ ఒక్క బిందువు దగ్గరైనా సంపూర్ణమైన మ్యాచింగ్ కోరితే ఆ సంపూర్ణతకి అయ్యే ఖర్చు భయంకరం. మిగతా పట్టీ నుంచి అది లాక్కోవాల్సిందే. పెళ్ళి బంతిలో వడ్డించేవాడి చేతిలో ఉన్నది ఒక్క గిన్నెడు నెయ్యి. ఒక విస్తట్లో ఒలకబోస్తే చివరి విస్తరికి చుక్క మిగలదు. పంక్తిభేదం మహాదోషమని మన పెద్దలు ఎందుకన్నారో ఫానో సమీకరణం ముందు కూర్చుంటే బాగా తెలుస్తుంది. అందుకే నేర్పరి చేసిన వైడ్‌బ్యాండ్ యాంప్లిఫయర్ గ్రాఫులో ఆకాశాన్నంటే శిఖరం ఉండదు. పట్టీ పొడవునా చిన్న చిన్న అలలు, ఒకే ఎత్తున. ఎక్కడా పరిపూర్ణం కాదు, ఎక్కడా దారుణం కాదు. క్షేమేంద్రుడు పదకొండో శతాబ్దిలో కాశ్మీరంలో కూర్చుని ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. అలంకారం ఎంత గొప్పదైనా చోటు తప్పితే దోషమే. పట్టీ మధ్యలో ఒంటరిగా మెరిసే శిఖరాన్ని చూస్తే నాకు ఆయన మాట గుర్తొస్తుంది. ఇరుకు పట్టీ యాంప్లిఫయర్‌కి కూడా అందముంది, కాదనను. రైల్వే గార్డు చేతి వాకీటాకీకి కావలసింది అదే. కానీ ఆ అందం చాటు పద్యానిది. వైడ్‌బ్యాండ్‌ది ప్రబంధ శిల్పం. ఒక చోట మెరిసి తప్పించుకోలేదు, ఆద్యంతమూ నిలబడాలి.

స్థాయి దాటడం దగ్గర ఇంకో పరీక్ష ఎదురవుతుంది. సంగీతంలో మధ్యస్థాయి షడ్జం నుంచి తారస్థాయి షడ్జానికి ఫ్రీక్వెన్సీ రెట్టింపు. ఇంజనీర్లు చెప్పే ఆక్టేవ్ కూడా అదే దూరం. ట్రాన్సిస్టర్‌ని గట్టిగా తోలినప్పుడు అది అసలు ఫ్రీక్వెన్సీతో పాటు దాని రెట్టింపునీ, మూడింతలనీ పుట్టిస్తుంది. వీటిని హార్మోనిక్స్ అంటారు. వీటికి సరైన లోడ్ చూపించి, వోల్టేజ్ తరంగాన్ని మలిచి, కరెంటు, వోల్టేజ్ ఒకేసారి ఎత్తున ఉండకుండా చూస్తే వేడి తగ్గి సామర్థ్యం పెరుగుతుంది. క్లాస్ ఎ సిద్ధాంతరీత్యా 50 శాతం దగ్గర ఆగుతుంది. క్లాస్ బి 78.5 దాకా వెళ్తుంది. క్లాస్ ఎఫ్, క్లాస్ జె లాంటివి హార్మోనిక్స్‌ని లొంగదీసుకుని పని చేస్తాయి. పట్టీ ఒక ఆక్టేవ్ లోపల ఉన్నంత వరకూ ఈ విద్యలన్నీ చెల్లుతాయి. 2 నుంచి 6 గిగాహెర్ట్జ్ యాంప్లిఫయర్‌లో 2 గిగాహెర్ట్జ్‌కి పుట్టిన రెట్టింపు 4 దగ్గర పడుతుంది. ఆ 4 మన పట్టీలోదే! అక్కడ నెట్‌వర్క్ పవర్‌ని మర్యాదగా బయటికి పంపాలి. 2 పుట్టించిన హార్మోనిక్‌కి మాత్రం అదే చోట దారి మూయాలి. ఒకే ఫ్రీక్వెన్సీకి ఒకే నెట్‌వర్క్ రెండు ముఖాలు చూపించలేదు. రెండు ట్రాన్సిస్టర్లని ఎదురు దశలో నడిపి, ఆఖరున కలిపి, సరి హార్మోనిక్స్‌ని ఒకదానితో ఒకటి కొట్టేయించే పుష్‌పుల్ పద్ధతి ఒక దారి. మిగతావాళ్ళు సామర్థ్యంలో కొంత వదులుకుంటారు. ఈ వదులుకోవడాన్ని నేను లోపంగా చూడను. స్థాయి దాటి పాడేవాడికి గొంతు ఎక్కడ దాచుకోవాలో తెలియాలి.

క్యాంపస్ ల్యాబుల్లో ఈ బోర్డుకి ప్రాణం పోసే ఘట్టం చూడదగ్గది. గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్ గేటుకి, అంటే కరెంటుని అదుపు చేసే కాలుకి, ఏమీ ఇవ్వకుండా వదిలేస్తే పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. కాబట్టి ముందు గేటుకి మైనస్ వోల్టేజ్ ఇచ్చి నోరు మూయించాలి. ఆ తర్వాతే కరెంటు పారే డ్రెయిన్‌కి 28 వోల్టులు. అప్పుడు గేటుని మెల్లగా పైకి తెస్తూ కరెంటు చూసుకోవాలి. ఆపేటప్పుడు అంతా తిరగేసి. క్రమం తప్పితే రెప్పపాటులో చిప్ కాలిపోతుంది. అందుకే సీనియర్ ప్రతిసారీ అడుగుతాడు, "గేటుకు ముందుగాల ఇచ్చినవారా?" అని. "ఇచ్చిన అన్నా, మైనస్ ఎనిమిది." ఇంకా లోపలికి సంకేతమేదీ పంపలేదు, స్పెక్ట్రమ్ అనలైజర్ తెర మీద ఎక్కడో ఒక గీత దానంతటదే లేస్తే ఆ గదిలో మాటలు ఆగిపోతాయి. "అన్నా, ఆసిలేట్ అయితాంది." బయటికి పోవాల్సిన శక్తిలో కాస్త వెనక్కి మళ్ళి, గేటుని చేరి, మళ్ళీ పెరిగి, యాంప్లిఫయర్ తనంత తాను మోగడం మొదలెట్టిందన్నమాట. వైడ్‌బ్యాండ్‌లో ఈ ప్రమాదం ఎక్కువ. ట్రాన్సిస్టర్‌కి కింది ఫ్రీక్వెన్సీల్లో గెయిన్ (సంకేతాన్ని పెంచే పాలు) విపరీతం, పైకి పోతూ ఆక్టేవ్‌కి దాదాపు ఆరు డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. గేటు దారిలో ఒక చిన్న రెసిస్టర్, దానికి సమాంతరంగా ఒక చిన్న కెపాసిటర్ పెడతారు. కింది ఫ్రీక్వెన్సీలు రెసిస్టర్‌లో శక్తి పోగొట్టుకుంటాయి, పైవి కెపాసిటర్ మీదుగా చెక్కుచెదరకుండా దాటిపోతాయి. బియ్యపు గింజలో సగం లేని ఆ రెండు ముక్కలు ఒకేసారి గెయిన్‌ని చదును చేస్తాయి, మోతని ఆపుతాయి. బోర్డు మొత్తంలో అంత తక్కువ చోటు తీసుకుని అంత పని చేసే జంట మరొకటి లేదు.

ఇప్పటిదాకా చెప్పిన అందమంతా కెపాసిటెన్స్‌తో పోరాడి సాధించినది. పోరాటమే అక్కర్లేని రూపం ఒకటుంది. ఈ రసవిమర్శలో అగ్రతాంబూలం దానికే ఇస్తున్నాను. 1930ల నడుమ ఇంగ్లండులో విలియం పెర్సివల్ అనే ఇంజనీరు దానికి పేటెంటు తీసుకున్నాడు. 1948లో గింజ్‌టన్, హ్యూలెట్, జాస్‌బెర్గ్, నోయి అనే నలుగురు దాన్ని సిద్ధాంతంగా విస్తరించి, డిస్ట్రిబ్యూటెడ్ యాంప్లిఫికేషన్ అన్న పేరు నిలబెట్టారు. హ్యూలెట్ అంటే హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ హ్యూలెట్టే. అప్పటివి వాక్యూమ్ ట్యూబులు. ఆలోచన ట్యూబుకి కట్టుబడినది కాదు కాబట్టి 1982లో అయస్లీ బృందం దాన్ని గాలియం ఆర్సెనైడ్ చిప్ మీదికి ఎక్కించి 1 నుంచి 13 గిగాహెర్ట్జ్ దాకా పలికించింది.

ఆలోచన వినండి. దూరాలకి అలని మోసుకుపోయే ఏ కేబులైనా నిజానికి ఇండక్టెన్స్, కెపాసిటెన్స్‌ల గొలుసే. కేబుల్‌లో కెపాసిటెన్స్ ఉందని ఎవరూ బాధపడరు. అది లేకపోతే కేబులే లేదు. మరి ట్రాన్సిస్టర్ గేటు కెపాసిటెన్స్‌ని శత్రువు అనుకోవడం దేనికి? ఆరు ట్రాన్సిస్టర్లని వరుసగా నిలబెట్టి, గేటుకీ గేటుకీ మధ్య సన్నటి గీతతో ఇండక్టెన్స్ పెడితే, ఆ గేట్ల కెపాసిటెన్స్‌లే గొలుసులో కొక్కేలై ఒక కృత్రిమ కేబుల్ తయారవుతుంది. డ్రెయిన్‌ల వైపూ అలాంటిదే ఇంకోటి. కింది దారిలో అల నడుస్తూ మొదటి గేటుని తాకుతుంది, అది మొదటి ట్రాన్సిస్టర్‌తో పై దారిలోకి కొంత కరెంటు పోయిస్తుంది. అల ముందుకెళ్ళి రెండో గేటుని తాకేసరికి, పై దారిలో మొదటి కరెంటు కూడా సరిగ్గా రెండో డ్రెయిన్ దగ్గరికి వచ్చి ఉంటుంది. రెండు దారుల్లో నడక వేగం ఒకటే కనుక. రెండోది దాని మీద తన వంతు వేస్తుంది. మూడోది, నాలుగోది... చివరికి ఆరూ ఒకే అడుగులో కలిసి బయటపడతాయి. వెనక్కి పోయిన కరెంట్లకి అడుగులు కలవవు. మొదట్లో పెట్టిన రెసిస్టర్‌లో అవి సమసిపోతాయి.

ఇందులో పెర్సివల్ పట్టుకున్న సూక్ష్మం ఇది. మామూలు యాంప్లిఫయర్లని ఒకదాని వెనక ఒకటి పెడితే గెయిన్‌లు గుణించుకుంటాయి. ఒక్కొక్కదాని గెయిన్ ఒకటికన్నా తక్కువైన ఫ్రీక్వెన్సీకి చేరాక, ఎన్ని పెడితే సంకేతం అంత నశిస్తుంది. ఇక్కడ గుణకారం లేదు, కూడిక ఉంది. ఒక్కొక్క ట్రాన్సిస్టర్ ఏమాత్రమూ పెంచలేని చోట కూడా, అరకొర వంతులు కలిసి ఒకటిని దాటుతాయి. అశక్తులు ఆరుగురు కాలం తప్పకుండా నడిచి సాధించే పని అది. నాకు తెలిసిన సర్క్యూట్లన్నిటిలో నన్ను ఇంతగా కదిలించినది లేదు. అలాగని ఆరుని అరవై చేసుకుంటూ పోవడానికి లేదు. గేటు దారిలో అల నడుస్తూ అలిసిపోతుంది, చివరి గేటుకి అందే వోల్టేజ్ సన్నగిల్లుతుంది. ఒక సంఖ్య దాటాక కొత్త ట్రాన్సిస్టర్ ఇచ్చేదానికన్నా తీసుకునేదే ఎక్కువ.

పవర్ కోసం చేసినప్పుడు ఈ రూపానికి ఇంకో మెరుగు వచ్చింది. వెనక్కి పోయే కరెంటు రెసిస్టర్‌లో దండగవుతోంది కదా? డ్రెయిన్ దారిని మొదట్లో సన్నగా, ఎక్కువ ఇంపెడెన్స్‌తో మొదలుపెట్టి, ఒక్కో ట్రాన్సిస్టర్ చేరేకొద్దీ వెడల్పు చేసుకుంటూ పోతే ఆ రెసిస్టర్ అవసరం తీరిపోతుంది. రెండో ట్రాన్సిస్టర్ దాటాక సగం, మూడోది దాటాక మూడో వంతు ఇంపెడెన్స్. అలా ప్రతి ట్రాన్సిస్టర్‌కీ తనకి కావలసిన లోడే కనబడుతుంది, కరెంటంతా ముందుకే పోతుంది. మైక్రోస్కోప్ కింద ఆ చిప్‌ని చూస్తే బంగారు పూత దారి, వచ్చి చేరే ప్రతి ప్రవాహానికీ చోటిచ్చుకుంటూ విశాలమవడం కనిపిస్తుంది. సమీకరణం తెలియకపోయినా కన్ను ఒప్పుకుంటుంది. 2 నుంచి 18 గిగాహెర్ట్జ్ దాకా, అంటే మూడు ఆక్టేవ్‌లకి పైగా, పది వాట్లిచ్చే గాలియం నైట్రైడ్ చిప్‌లు ఇవాళ ప్రపంచ మార్కెట్లో ఉన్నాయి.

ఇంత వెడల్పు ఎవరికి కావాలి? ఎదుటివాడి రాడార్ ఏ ఫ్రీక్వెన్సీలో వస్తుందో ముందుగా తెలియని వాళ్ళకి. ఆ ఎలక్ట్రానిక్ యుద్ధ విద్యకి మన నగరం పుట్టిల్లు లాంటిది. రక్షణ ఎలక్ట్రానిక్స్ ల్యాబు డీఎల్ఆర్ఎల్ ఇక్కడే ఉంది, తార్నాకకి దగ్గర్లోనే నాచారంలో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఉంది. గాలియం ఆర్సెనైడ్ చిప్‌లు పోసే గేటెక్ కూడా హైదరాబాదుదే. సిలికాన్ కార్బైడ్ వేఫర్లు పెంచే, గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లు చేసే పద్ధతులని ఢిల్లీలోని డీఆర్‌డీఓ ల్యాబు సొంతంగా సాధించింది. ఎక్స్ బ్యాండ్ దాకా పనిచేసే 150 వాట్ల వరకూ ట్రాన్సిస్టర్లు, 40 వాట్ల వరకూ చిప్‌లు చేయగలమని, వాటి ఉత్పత్తికి గేటెక్‌లో ఏర్పాటు జరిగిందని 2024లో రక్షణ శాఖ ప్రకటించింది. ఇతర దేశాలు ఇవ్వడానికి వెనకాడే పదార్థం మన ఊళ్ళో తయారవడం మాటల్లో చెప్పలేని సంతోషం. ఇక పౌర జీవితంలో, తార్నాక మెట్రో స్టేషన్ చుట్టుపక్కల డాబాల మీద కనబడే టవర్లనే చూడండి. 700 మెగాహెర్ట్జ్ నుంచి 3300 దాకా ఎన్నో పట్టీలు. చాలావరకు పట్టీకో యాంప్లిఫయర్, ప్రతి ఒక్కటీ తన వేడి తాను కక్కుతూ. టవర్ తినే కరెంటులో పెద్ద వాటా పవర్ యాంప్లిఫయర్లదే. రెండు మూడు పట్టీలని ఒక్కటే మోయగలిగితే డాబా మీద బరువూ తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది.

ఈ మధ్య డిజైన్‌ని కంప్యూటర్ ఆప్టిమైజర్‌కి అప్పగించి తెల్లారేసరికి జవాబు తీసుకోవడం ఎక్కువైంది. సాధనంగా దాన్ని కాదనలేం. కానీ కొన్ని లేఔట్లు చూస్తే మనసు ఒప్పుకోదు. పదిహేను మెట్లు, ఏ మెట్టు ఎందుకుందో గీసినవాళ్ళకీ తెలియదు. సోల్డర్ కాస్త ఎక్కువైతే గ్రాఫ్ కూలిపోతుంది. ఫానో హద్దు ఎక్కడుందో ముందే లెక్కగట్టుకుని, మూడు మెట్లతో దాని దరిదాపులకి చేరిన డిజైన్ మాత్రం కొలతలో కూడా తన సిమ్యులేషన్‌ని పోలి ఉంటుంది. పొదుపు ఇక్కడ రుచికి సంబంధించిన విషయం మాత్రమే అనుకోకండి. తక్కువ మెట్లంటే తక్కువ నష్టం, తక్కువ పొరపాటు.

ఉస్మానియాలోనైనా, ఇంకెక్కడైనా ఈ విద్య మీద థీసిస్ రాస్తున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక్క మనవి. మీ యాంప్లిఫయర్ 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర 68 శాతం సామర్థ్యం ఇచ్చిందని మొదటి పేజీలో రాయకండి. పట్టీ మొత్తానికీ గ్రాఫ్ వేసి, అందులో అన్నిటికన్నా కింద ఉన్న బిందువు విలువని సారాంశంలోనే చెప్పండి. పరీక్షించేవాళ్ళు కూడా ముందుగా ఆ బిందువునే అడగాలి. వైడ్‌బ్యాండ్ పనితనాన్ని కొలవడానికి అంతకన్నా నిజమైన సంఖ్య లేదు.